వి-క్రాస్‌కి ఆల్ టెరెయిన్ వేయించాలా, మడ్ టైర్లా? రోజూ హైవే, ఆదివారం నల్లరేగడి డొంక

డొంకదారి (ప్రశ్న):
అన్నలూ, ఒక సలహా కావాలి. బండి ఇసుజు వి-క్రాస్ పికప్, ఫోర్ బై ఫోర్, టైర్లు 255/60 ఆర్18. నాలుగూ అరిగిపోయాయి, ఈ వానాకాలం లోపల మార్చాల్సిందే. ఉండేది గుంటూరు, పని బెజవాడలో, అంటే వారంలో ఆరు రోజులూ కాజ టోల్‌గేటు మీదుగా హైవేనే. ఆదివారం మాత్రం పెదనందిపాడు దగ్గర పొలానికి. ఎండాకాలం ఏ టైరైనా ఒకటే. వాన పడిందా, తారు రోడ్డు దిగి డొంకలోకి తిప్పగానే చక్రం తిరుగుతుంది గానీ బండి కదలదు, ఇక ట్రాక్టరు కోసం ఫోన్లు. మా బావమరిది మడ్ టైర్లు వేయించు, తిరుగుండదు అంటాడు. షాపాయన ఆల్ టెరెయిన్ చాలంటాడు. ఖర్చు తగ్గుతుందని వెనక రెండూ మడ్, ముందు రెండూ మామూలువి వేస్తే ఎలా ఉంటుంది?

ఆటోనగర్ బాబాయ్:
ముందు ఆ చివరి ఆలోచన మానుకో. నీ బండిలో ఫోర్ వీల్ వేస్తే ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకే వేగంతో కట్టేసినట్టు తిరుగుతాయి. ముందొక రకం, వెనకొక రకం అయితే పేరుకి సైజు ఒకటే రాసి ఉన్నా ఎత్తులో తేడా ఉంటుంది. ఆ తేడా అంతా గేర్‌బాక్సు పక్కనుండి రెండు ఇరుసులకీ శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది. బురదలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది, గట్టి నేల తగిలినప్పుడే ప్రమాదం. అది పోతే నువ్వు టైర్ల దగ్గర మిగుల్చుకున్నది ఏ మూలకీ రాదు. పైగా తడి హైవే మీద గట్టిగా బ్రేకు కొడితే ముందు టైర్లు రోడ్డుని పట్టుకుంటాయి, వెనకవి పట్టుకోవు, బండి తోక తిప్పేస్తుంది. నాలుగూ ఒకే రకం, కుదిరితే స్టెప్నీ కూడా.

ఇక అసలు సంగతి. మడ్ టైరుకి పెద్ద పెద్ద గడ్డలు, మధ్యలో వెడల్పు సందులు. బురద ఆ సందుల్లోకి వెళ్లి, చక్రం తిరిగినప్పుడు బయటికి ఎగిరిపోవాలి, దాని పనే అది. అదే సందుల వల్ల తారు మీద ఆనే రబ్బరు తక్కువ. వానలో బ్రేకు పడే దూరం పెరుగుతుంది, 80 దాటితే హోరు మొదలవుతుంది, టైరు బరువెక్కువ కాబట్టి మైలేజీ తగ్గుతుంది, అరుగుదల కూడా త్వరగా. ఆల్ టెరెయిన్‌లో గడ్డలు దగ్గర దగ్గరగా ఉంటాయి, వాటి మీద సన్నటి గాట్లు ఉంటాయి, తడి రోడ్డు మీద పట్టు ఇచ్చేది ఆ గాట్లే. వారంలో ఆరు రోజులు హైవే అని నువ్వే చెప్తున్నావు. నన్నడిగితే ఆల్ టెరెయిన్, ఇంకో మాట లేదు.

కల్లం కాపలా:
బాబాయ్ చెప్పింది కరెక్టే, కానీ పెదనందిపాడు మట్టి గురించి చెప్పలేదు. మాది ప్రత్తిపాడు వైపు, అదే నేల. నల్లరేగడి తడిస్తే మామూలు బురదలా ఉండదు తమ్ముడూ. టైరు చుట్టూ ఒక పొర అంటుకుంటుంది, దాని మీద ఇంకో పొర, పది గజాలు పోయేసరికి చక్రం బూరెలా ఉబ్బి మడ్‌గార్డు లోపల రాసుకుంటూ ఉంటుంది. అప్పుడు దిగి చూస్తే మడ్ టైరేదో మామూలు టైరేదో ఎవరూ చెప్పలేరు, రెండూ నున్నగా ఉంటాయి. మడ్ టైరు తనంతట తాను శుభ్రం అవుతుందంటారు కదా, కావాలంటే చక్రం స్పీడుగా తిరగాలి. నువ్వేమో ఫోర్ ఎల్‌లో, అంటే ఫోర్ వీల్ తక్కువ గేరులో, నిదానంగా పోతావు, ఆ స్పీడుకి రేగడి ఊడదు. స్పీడు పెంచితే ఉన్నచోటే గుంట తవ్వుకుని ఇరుసు దాకా దిగిపోతుంది. కాబట్టి మీ బావమరిది చెప్పే తిరుగులేకపోవడం మన డొంకల్లో లేదు. పెద్దవాన పడ్డ మర్నాడు ఏ టైరు వేసినా బండి తారు రోడ్డు మీద పెట్టి నడిచి పోవాల్సిందే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా వైపు ట్రాక్టర్లే దిగబడ్డాయి.

ఇంకొకటి, ఎవరూ చెప్పనిది. మన పొలాల్లో టైరుకి అసలు శత్రువు బురద కాదు, మోళ్లు. కంది కోసిన చేలో, పత్తి కట్టె నరికిన చేలో ఏటవాలుగా కోసిన మోడు కత్తి మొనలా ఉంటుంది, నేరుగా టైరు పక్క గోడలోకి దిగుతుంది. అక్కడ పడ్డ పంచరుకి ప్యాచ్ నిలవదు, టైరు మార్చుకోవడమే. కాబట్టి ఆల్ టెరెయిన్‌లో కూడా సైజు ముందు ఎల్‌టీ (లైట్ ట్రక్) అని రాసి ఉన్న రకం దొరుకుతుందేమో అడుగు, పక్క గోడ మందంగా ఉంటుంది. కాస్త గట్టిగా కుదుపుతుంది, ఓర్చుకోవాలి.

తెనాలి మాగాణి:
అందరూ మడ్ టైర్ల మీద పడ్డారు కాబట్టి వాటి తరఫున నేనొకడిని. మాది కాలవ కింద మాగాణి. నీళ్లు నిలిచిన పలచటి బురదలో మడ్ టైరు బురదని చిమ్ముకుంటూ పోతుంది, ఆల్ టెరెయిన్ అక్కడ చేతులెత్తేస్తుంది, ఇది నేను రోజూ చూసేదే. కానీ నా బండి ఊరు దాటదు, హైవే ఎక్కేది పెళ్లిళ్లకీ ఆసుపత్రికీ మాత్రమే. సోదరుడి లెక్క వేరు. రోజూ బెజవాడ పోతూ ఆ హోరు వినడం అంటే నెల తిరక్కుండా టైర్లు అమ్మకానికి పెడతాడు.

డొంకదారి:
అందరికీ థ్యాంక్స్. ఆల్ టెరెయిన్ అనే అనుకుంటున్నా. షాపులో 265/60 వేస్తే బండి ఎత్తుగా కనపడుతుంది అంటున్నారు, వేయొచ్చా? కొనేటప్పుడు ఇంకేం చూడాలి?

ఆటోనగర్ బాబాయ్:
255/60 ఆర్18 ఎత్తు సుమారు 763 మిల్లీమీటర్లు, 265/60 అయితే 775. తేడా 12, అందులో సగమే కదా బండి కిందకి వచ్చేది, అంటే నీకు పెరిగేది 6 మిల్లీమీటర్లు. దాని కోసం స్పీడోమీటరు తక్కువ చూపించడం, రేపు ఇన్సూరెన్సు వాళ్లతో వాదన, ఇవన్నీ ఎందుకు? కంపెనీ సైజులోనే ఉండు.

చూడాల్సినవి చెప్తా. సైజు పక్కన ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి. 112 అంటే ఆ టైరు 1120 కిలోలు మోస్తుంది, 110 అంటే 1060. నువ్వు మిరపకాయ టిక్కీలు (బస్తాలు) వేసుకొచ్చేవాడివి, ఇప్పుడున్న టైరు మీద ఉన్న అంకె కంటే తక్కువది తీసుకోకు. అక్షరం క్యూ అయితే 160 కిలోమీటర్ల వేగం దాకా, ఎస్ అయితే 180 దాకా. తర్వాత డాట్ అని ఉన్న వరస చివర నాలుగు అంకెలు చూడు. 2324 ఉంటే 2024లో 23వ వారం తయారీ. తగ్గింపు ఎక్కువ ఇస్తున్నాడంటే ముందు ఆ నాలుగు అంకెలు చదువు, షాపులో కూర్చున్న పాత సరుకు అక్కడే బయటపడుతుంది. నాలుగింటికీ చదవాలి, ఒక్కటి చూసి ఊరుకోకు.

యోకోహామా జియోలాండర్ ఏటీ, మాక్సిస్ బ్రావో, అపోలో ఆప్టెర్రా, వీటిలో నీ సైజు ఏది తాజాగా దొరికితే అది. బ్రాండ్ల గురించి కొట్టుకునేవాళ్లు కొట్టుకోనీ.

కల్లం కాపలా:
దానితోపాటు 12 వోల్టుల గాలి పంపు ఒకటి కొను, గేజీ ఒకటి. డొంకలోకి దిగేముందు గాలి 20 పీఎస్ఐకి దించు. టైరు కింద పరుచుకుంటుంది, నేల మీద ఆనే పొడవు పెరుగుతుంది, తేలికపాటి బురదలో తేడా నీకే తెలుస్తుంది. అలా దించాక నిదానంగా పోవాలి, స్టీరింగు ఒక్కసారిగా తిప్పితే టైరు రిమ్ము నుంచి జారుతుంది. మోళ్లున్న చేలో మాత్రం గాలి దించకు, పక్క గోడ ఉబ్బి మోడుకి ఎదురెళ్తుంది. తిరిగి తారు ఎక్కగానే గాలి నింపాలి, బద్ధకించి అలాగే హైవే మీద పోతే టైరు వేడెక్కి పేలుతుంది.

వెనక ఖాళీగా ఉంటే పికప్‌కి వెనక చక్రాల మీద బరువు ఉండదు, సగం జారుడు అందుకే. వానాకాలం ఎరువు బస్తాలు రెండు మూడు ఇరుసు మీదకి వచ్చేలా పెట్టి తాడుతో కట్టేయ్.

డొంకదారి:
ఆ బస్తాల సంగతి నాకు తట్టనే లేదన్నా. అయితే శనివారం ఆటోనగర్ వస్తా బాబాయ్, నాలుగు ఆల్ టెరెయిన్, స్టెప్నీతో కలిపి ఐదు.

ఆటోనగర్ బాబాయ్:
పొద్దున్నే రా, పదకొండు దాటితే అలైన్‌మెంటుకి లైను ఉంటుంది. పాత టైర్లు ఊరికే వదిలేసి పోకు, వాటికీ రేటు కట్టించి బిల్లులో తీయించుకో. బిగించాక వంద కిలోమీటర్ల లోపల ఒకసారి నట్లు మళ్లీ బిగించుకోవాలి, నువ్వు బెజవాడ వచ్చిపోయే దారిలోనే అది అయిపోతుంది.