ప్లాస్మాతో వేసిన ఎం2 పూత: హార్డ్‌నెస్ 58 వచ్చినా గైడ్ రోలర్ ఎందుకు అరుగుతోంది?

ఆటోనగర్ షాపు:
అందరికీ నమస్కారం. విశాఖ ఆటోనగర్‌లో మాది చిన్న హార్డ్‌ఫేసింగ్ (అరిగే భాగాల మీద గట్టి లోహపు పూత వేసే) షాపు. టీఎంటీ కడ్డీలు తీసే మిల్లుకి గైడ్ రోలర్లు (కడ్డీని దారిలో నడిపే చక్రాలు) బాగుచేసి ఇస్తుంటాం. ఇదివరకు స్టెల్లైట్ 6 (కోబాల్ట్ మిశ్రమ లోహం) వేసేవాళ్లం. కోబాల్ట్ ధర భరించలేక ఈసారి పీటీఏ (ప్లాస్మా ఆర్క్‌తో పౌడర్ కరిగించి పూత వేసే) మెషీన్ మీద ఎం2 హైస్పీడ్ స్టీల్ పౌడర్ వేశాం. అడుగున ఈఎన్19 ఉక్కు (రోలర్ అసలు లోహం), ప్రీహీట్ 300 డిగ్రీలు, రెండు లేయర్లు, వర్మిక్యులైట్‌లో నిదానంగా చల్లార్చడం. డై పెనెట్రెంట్‌లో (రంగుద్రవంతో పగుళ్లు చూసే పరీక్ష) ఒక్క పగులు లేదు. గ్రైండింగ్ అయ్యాక హార్డ్‌నెస్ 58 హెచ్ఆర్‌సీ (రాక్‌వెల్ గట్టిదనం కొలత). అయినా మిల్లులో గాడి త్వరగా అరిగింది, అంచున చిన్న పెచ్చులు లేచాయి. పౌడర్ అమ్మినాయన 200 డిగ్రీల దగ్గర స్ట్రెస్ (లోపలి బిగువు) తీస్తే చాలంటాడు. మా హీట్ ట్రీట్‌మెంట్ ఆయన 550 అంటాడు. అంత వేడికి ఉన్న 58 కూడా పడిపోదా?

రిటైర్డ్ మెటలర్జిస్ట్:
పడిపోదు బాబూ, పెరుగుతుంది. హీట్ ట్రీట్‌మెంట్ ఆయన మాట వినండి.

ఎం2లో టంగ్‌స్టన్ 6, మాలిబ్డినం 5, క్రోమియం 4, వనేడియం 2 శాతం దాకా ఉంటాయి. పూత కరిగి గడ్డకట్టేటప్పుడు వీటిలో కొంత, కార్బన్‌తో సహా, ఇనుములోనే కరిగి ఉండిపోతుంది. అందువల్ల చల్లారాక కూడా చాలా ఆస్టెనైట్ (వేడిలో ఏర్పడే మెత్తని ఉక్కు రూపం) మార్టెన్‌సైట్‌గా (చల్లారినప్పుడు వచ్చే గట్టి రూపం) మారకుండా మిగులుతుంది. మామూలుగా గట్టిపరచిన ఎం2లోనే అది దాదాపు పావు వంతు ఉండొచ్చు. మీ 58 ఆ కలగలుపుది. మెత్తని ఆస్టెనైట్‌ని స్కేల్ (వేడి కడ్డీ మీద ఏర్పడే ఆక్సైడ్ పెంకు) గీరేస్తుంది. దెబ్బ తగిలిన చోట అదే ఆస్టెనైట్ టెంపర్ కాని (మళ్లీ వేడిచేసి పెళుసుదనం తగ్గించని) పెళుసు మార్టెన్‌సైట్‌గా మారుతుంది. మీ అంచు పెచ్చులకు అదొక కారణం.

200 దగ్గర ఈ ఆస్టెనైట్ కదలదు. 540–560 మధ్య పెడితే సన్నని కార్బైడ్లు (లోహం, కార్బన్ కలిసిన గట్టి రేణువులు) లోపల పుడతాయి. ఆస్టెనైట్‌లో మిశ్రమ లోహాలు తగ్గి, తిరిగి చల్లారేటప్పుడు అది మార్టెన్‌సైట్ అవుతుంది. ఆ కొత్త మార్టెన్‌సైట్‌ని మళ్లీ టెంపర్ చేయాలి కాబట్టే రెండు, వీలైతే మూడు సార్లు చేస్తారు, ఒక్కోసారి గంటకు తగ్గకుండా. ఒకేసారి మూడు గంటలు పెడితే ఆ ఫలితం రాదు. ఇది మాత్రం గట్టిగా పట్టుకోండి.

ఈఎన్19ని ముందు 550 కంటే తక్కువలో టెంపర్ చేసి ఉంటే ఆ అడుగు లోహం కొంత మెత్తబడుతుంది. అదొకటి చూసుకోండి.

పీహెచ్‌డీ విద్యార్థిని:
సార్ చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. నేను ఇలాంటి పూతల మీదే పనిచేస్తున్నాను. నైటాల్‌తో (నైట్రిక్ ఆమ్లం కలిపిన ఆల్కహాల్) ఎచ్ చేసి చూస్తే డెండ్రైట్ల (ముందుగా గడ్డకట్టిన చెట్టుకొమ్మల్లాంటి స్ఫటికాల) చుట్టూ కార్బైడ్ యూటెక్టిక్ (చివర గడ్డకట్టిన కార్బైడ్ మిశ్రమం) వలలా అల్లుకుని కనిపిస్తుంది. పగులు ఆ వల వెంటే నడుస్తుంది. టెంపరింగ్ దాన్ని చెదరగొట్టలేదు. కరెంట్ తగ్గించి, తక్కువ వేడితో వేస్తే డెండ్రైట్లు సన్నబడి వల కూడా సన్నబడుతుంది, అడుగు లోహం కలవడమూ తగ్గుతుంది.

అరుగుదలలో మ్యాట్రిక్స్‌దే (కార్బైడ్లను పట్టి ఉంచే ఉక్కు) పెద్ద పాత్ర అని నా నమ్మకం. స్కేల్‌లోని హెమటైట్ (ఒక ఐరన్ ఆక్సైడ్) గట్టిదనం దాదాపు 1000 వికర్స్. వనేడియం కార్బైడ్ 2500 దాటుతుంది, దాన్ని హెమటైట్ గీయలేదు. కానీ చుట్టూ ఉన్న మ్యాట్రిక్స్ కోసుకుపోతే ఆ కార్బైడ్ పట్టు తప్పి ఊడిపోతుంది. ఒక రోలర్ ముక్క కోసి, పైనుంచి అడుగుదాకా మైక్రోహార్డ్‌నెస్ తీయించండి అన్నా. వీలైతే ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో ఆస్టెనైట్ ఎంతుందో కూడా.

ఆటోనగర్ షాపు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ముక్క కోయిస్తాను. ఇంకొక్కటి సార్, షిఫ్ట్ మారేటప్పటికి రోలర్ వర్మిక్యులైట్‌లో ఇంకా 150 మీద ఉంటుంది. అలాగే ఫర్నేస్‌లోకి ఎక్కించొచ్చా?

రిటైర్డ్ మెటలర్జిస్ట్:
వద్దు. 150 దగ్గర మార్టెన్‌సైట్‌గా మారడం ఇంకా పూర్తి కాదు. చేత్తో పట్టుకోగలిగేంత చల్లారనివ్వండి, అప్పుడు ఆలస్యం చేయకుండా ఎక్కించండి. రాత్రంతా బయట వదిలేస్తే స్ట్రెస్‌కి పగిలే ప్రమాదం ఉంది. రెండు టెంపరింగ్‌ల మధ్య కూడా అలాగే పూర్తిగా చల్లారాలి. అయ్యాక హార్డ్‌నెస్ 60 దాటకపోతే పై లేయర్ కెమిస్ట్రీ తీయించి ఇక్కడ పెట్టండి, చూద్దాం.