వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ పడిపోతోంది, ఇంజిన్ దించాల్సిందేనా?

అన్నలూ, నాన్న నడిపిన 2006 మోడల్ లారీ ఇప్పుడు నా చేతిలో ఉంది. చీమకుర్తి నుంచి కృష్ణపట్నం పోర్టుకు గ్రానైట్ లోడు.

పొద్దున స్టార్ట్ చేస్తే ఆయిల్ ప్రెషర్ బాగానే ఉంటుంది. ఇంజిన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో పెడితే ముల్లు దాదాపు సున్నాకు వాలిపోతోంది, యాక్సిలరేటర్ తొక్కితే మళ్లీ లేస్తుంది. వెయ్యి కిలోమీటర్లకు 2 లీటర్ల ఆయిల్ తాగుతోంది. కింద ఒక్క చుక్క కారడం లేదు. ఆయిల్ పోసే మూత తీస్తే మాత్రం గుప్పుగుప్పున పొగ, వెనక సైలెన్సర్‌లో నీలం పొగ.

మెకానిక్ చూడగానే ఇంజిన్ మొత్తం దించాలన్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. ఆయిల్ తాగడం పిస్టన్ రింగుల వల్లే అనుకుంటున్నా, ప్రెషర్ సంగతి వేరేమో. బేరింగులా, ఆయిల్ పంపా, ఎక్కువైన ప్రెషర్‌ను వదిలే రిలీఫ్ వాల్వా? ముందు వేరే గేజి బిగించి చూసి, ఇంజిన్ కింద ఆయిల్ ఉండే చాంబర్ విప్పితే తేలుతుందా? అప్పటిదాకా లోడు ఎత్తొచ్చా?