తెలుగువారికి ఏది దగ్గర: అమ్హారిక్ భాషా, నార్వేజియనా?

సందేహి

అమెరికా విదేశాంగ శాఖ తన అధికారులకు భాషలు నేర్పించే సంస్థ వేసిన అంచనా ప్రకారం నార్వేజియన్ అన్నిటికన్నా సులువైన వర్గంలో ఉంది; ఇథియోపియా వారి అమ్హారిక్ కష్టమైన భాషల్లో చేరింది, దానికి 44 వారాలు, అంటే సుమారు 1,100 తరగతి గంటలు పడతాయట. మిత్రుడొకరు ఈ లెక్క చూపించి ఎవరికైనా నార్వేజియనే సులువని తేల్చేశారు. కానీ ఆ లెక్క ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారి కోసం కట్టినది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ పెరిగి, బడిలో ఇంగ్లీషు నేర్చుకున్న మనకు కూడా అది వర్తిస్తుందా?

ఫ్యోర్డు గట్టు

ఏడేళ్లుగా ఓస్లోలో ఉంటున్నాను. మీ మిత్రుడి మాటతో ఏకీభవిస్తాను. మనం వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు అని ఇన్ని రూపాలు పలుకుతుంటే, నార్వేజియన్లకు నేనైనా, నువ్వైనా, వాళ్లైనా ‘గోర్’ అనే ఒక్క రూపం సరిపోతుంది. ఇంగ్లీషు వచ్చినవారికి ఇల్లు ‘హూస్’ అనీ, పుస్తకం ‘బూక్’ అనీ వినగానే సగం పని అయిపోతుంది. సంస్కృతం వైపు నుంచి చుట్టరికం కూడా ఉంది: దంతం ‘తన్’, నామం ‘నవ్న్’, భ్రాత ‘బ్రూర్’.

ఇక ఉచ్చారణ. ఓస్లో వైపు రకారం పక్కన త, ద, న వస్తే రెండూ కలిసిపోయి దాదాపు మన ట, డ, ణ అవుతాయి. బిడ్డ అనే అర్థమున్న మాటను ‘బార్న్’ అని రాసి ‘బాణ్’ అని పలుకుతారు. నాతో చదువుకున్న ఇంగ్లండు దంపతులు ఆ ణకారం కోసం నెలల తరబడి అవస్థపడ్డారు. నాకు రెండో రోజుకే పట్టుబడింది.

పాత మాస్టారు

ఇథియోపియాలో ఒక విశ్వవిద్యాలయంలో నాలుగేళ్లు పాఠాలు చెప్పాను. గట్టు గారు పదాల దగ్గరే ఆగిపోయారు. వాక్యం లోపలికి వెళ్లి చూడాలి. అమ్హారిక్‌లో మన అకారానికీ ఎకారానికీ నడుమ ఉండే అచ్చు ఒకటుంది, దాన్ని ఇక్కడ ఎకారంతో రాస్తున్నాను.

‘బెల్తో హేదె’ అంటే ‘తిని వెళ్లాడు’. ‘యెమెత్తావ్ సెవ్’ అంటే ‘వచ్చిన మనిషి’. క్రియ చివరే వస్తుంది, విశేషణం నామానికి ముందే వస్తుంది. ‘వస్తాను అని వెళ్లాడు’ అనడానికి వారు ‘ఇమెతాల్లెహు బిలో హేదె’ అంటారు. ఈ ‘బిలో’ వారి ‘అను’ ధాతువు నుంచి పుట్టిన రూపం, మన ‘అని’ ఎలా పుట్టిందో అచ్చంగా అలాగే. మనం భగ్గుమంది, ఘల్లుమంది అంటూ ధ్వనికి ‘అను’ తగిలించినట్టే, వారు ‘జిమ్ అలె’ అంటే ‘మౌనంగా ఉన్నాడు’, ‘కుచ్ అలె’ అంటే ‘కూర్చున్నాడు’. ఇంగ్లీషు ద్వారా ఇది నేర్చుకునేవాడు ఒక నియమంగా కంఠస్థం చేయాలి. తెలుగువాడు విన్న వెంటనే తలాడిస్తాడు.

అరబ్బీ, హీబ్రూల బంధువు ఇలా ఎందుకుందని అడగవచ్చు. అక్కడి చర్చిలో నేటికీ వినిపించే ప్రాచీన గీజ్ భాషలో క్రియ సాధారణంగా వాక్యం మొదట్లో వస్తుంది. పొరుగున ఉన్న కుషిటిక్ భాషల సాంగత్యం వల్లనే అమ్హారిక్‌లో క్రియ చివరికి జరిగిందని చాలామంది భాషావేత్తలు భావిస్తారు. మర్యాద సంగతి కూడా మనకు తెలిసిందే: ‘మీరు’కు ‘ఇర్స్వో’ ఉంది. నార్వేలో ప్రొఫెసరునైనా ‘దు’ అనే పిలుస్తారని విన్నాను. అమ్హారిక్‌లో ‘నువ్వు’ మగవారికి ‘అంతె’, ఆడవారికి ‘అంచి’. ఒకసారి ఇంటికి ఫోను చేసి ‘అంతే, అంతే’ అంటూ ఉంటే, ముందు నడుస్తున్న విద్యార్థి తననే పిలుస్తున్నాననుకుని వెనక్కి తిరిగాడు.

ఫ్యోర్డు గట్టు

‘బిలో’ విషయంలో మాస్టారి మాటకు ఎదురు చెప్పలేను. అయితే మన ‘తిని’ నేనైనా, ఆవిడైనా, వాళ్లైనా మారదు; వారి ‘బెల్తో’ అతనికి మాత్రమే, ఆమెకు ‘బెల్తా’ అనాలి. పైగా మూడు హల్లుల ధాతువు మధ్యలో అచ్చులు మారుతూ క్రియారూపాలు పుట్టడం, గొంతు బిగించి పలికే హల్లులు, ఇవేవీ తెలుగులో లేవు. లిపి మాటేమిటి? 33 మూలాక్షరాలకు ఏడేసి రూపాల చొప్పున 231 అక్షరాలు. నార్వేజియన్ లిపిలో నేను కొత్తగా నేర్చుకున్నవి మూడే.

పాత మాస్టారు

ఏడు రూపాలంటే గుణింతమే కదా, గుణింతం చదివిన పిల్లవాడికి ఫిదెల్ అనే ఆ లిపి పట్టిక భయం కలిగించదు. అసలు కష్టం మరొకటి, దాన్ని నేనే ఒప్పుకుంటున్నాను: ఆ లిపిలో ద్విత్వం కనిపించదు. ‘అలె’ అంటే అన్నాడు, ‘అల్లె’ అంటే ఉన్నాడు. రెంటికీ రాత ఒక్కటే. ‘గెనా’ అంటే ఇంకా, ‘గెన్నా’ అంటే క్రిస్మస్, వాటికీ అంతే. నాలుగేళ్ల తర్వాత కూడా బజారులో ధైర్యంగా బేరమాడేవాడినే కానీ, పత్రికను పైకి చదవమంటే తడబడేవాడిని.

ఫ్యోర్డు గట్టు

నాది సరిగ్గా దానికి తలకిందులు. ఆరు నెలలకే పత్రిక చదవగలిగాను, కానీ ఫోనులో బెర్గెన్ మనిషి పలకరిస్తే ఇప్పటికీ చెమటలు పడతాయి. పుస్తకంలో ‘నేను’కు ‘యై’ అని నేర్పారు. బెర్గెన్‌లో ‘ఎగ్’ అంటారు, ట్రోండ్‌హైమ్‌లో ఉత్త ‘ఆ’ లాంటి ధ్వనే. అధికారికంగా ఇది మాట్లాడండి అనే ప్రామాణిక వాడుక అక్కడ లేదు. రాతలోనే బూక్మోల్, నీనోర్స్క్ అని రెండు ప్రమాణాలున్నాయి, 1885 నుంచి రెంటికీ సమాన హోదా. పైగా బెర్గెన్ వైపు రకారం గొంతులో నుంచి వస్తుంది కనుక నేను గర్వపడిన ణకారం అక్కడ పుట్టనే పుట్టదు. స్వరం మరో చిక్కు: రైతులు, చిక్కుడుగింజలు అనే రెండు మాటలూ చెవికి ‘బొన్నెర్’ లాగే ఉంటాయి, తేడా రాగంలోనే.

సందేహి

అసలు సంగతి చెప్పనందుకు మన్నించండి. అడిస్ అబాబాలో రెండేళ్ల పనికి నన్ను పిలిచారు. ఆ 44 వారాల లెక్క చూసి వెనకాడుతున్నాను. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

పాత మాస్టారు

మొదటి నెల ఫిదెల్ జోలికి వెళ్లకండి. విన్న ప్రతి మాటనూ తెలుగు లిపిలోనే రాసుకోండి. వారి అక్షరాల్లో కనిపించని ద్విత్వం మీ నోటు పుస్తకంలో వత్తుగా కనిపిస్తుంది.