కనీస వేతనం పెంచితే పనులు పోతాయా? ఎక్కడ, ఎంత, ఎవరివి?

మూలప్రశ్న
కనీస వేతనం మాట వచ్చిందంటే రెండు వర్గాలూ పాత పాటే అందుకుంటాయి. ఒకరు "కంపెనీలు మూతపడతాయి" అంటారు, మరొకరు "లాభాల్లోంచి ఇస్తారు" అంటారు. ఈ చర్చలో లెక్కలతో మాట్లాడుకుందాం. పెంపు భారం చివరికి ఎవరి మీద పడుతుంది? ఎంత పెంచితే దెబ్బ తగులుతుంది?

జమాఖర్చు
ముందు ధర సంగతి. ఒక సంస్థ మొత్తం ఖర్చులో జీతాలు 30 శాతం అనుకోండి. ఆ జీతాల్లో సగం కొత్త కనీసానికి దిగువన ఉన్నవాళ్లవి. వాళ్లకు 20 శాతం పెంచాలి. మొత్తం ఖర్చు మీద పడేది 3 శాతం. వినడానికి చిన్నదే. కానీ ఆ సంస్థ మిగులే 4 శాతం అయితే? ధర పెంచకుండా మింగితే మిగిలేది 1 శాతమే. ధర పెంచుకునే వీలు అందరికీ ఉండదు. ఎగుమతి చేసేవాడికి ధర బయటి మార్కెట్లో తేలుతుంది, వాడి చేతిలో లేదు.

పసిఫిక్ సముద్రంలో అమెరికా అధీనంలో ఉన్న దీవులు, అమెరికన్ సమోవా చూడండి. 2007 చట్టం ప్రకారం అక్కడ ఏటా గంటకు 50 సెంట్ల చొప్పున పెంచుకుంటూ పోవాలి. ఆ దీవుల ఆర్థిక వ్యవస్థకు ఆధారం క్యానరీలు, అంటే ట్యూనా చేపల్ని డబ్బాల్లో నింపే కర్మాగారాలు. 2009లో పెద్ద క్యానరీ ఒకటి మూతపడింది. వేతనం ఒక్కటే కారణమని నేననను. కానీ తర్వాతి పెంపులను అమెరికా కాంగ్రెసే వాయిదా వేసింది. ఊరికే వెయ్యలేదు కదా.

నిచ్చెన
జమాఖర్చు గారూ, మీ లెక్కలో జీతాన్ని మార్కెట్టే తేల్చినట్టు రాశారు. చాలాచోట్ల దాన్ని తేల్చేది యజమాని. ఒక చిన్న లెక్క చూడండి.

పది మంది రోజుకు 100 యూనిట్ల జీతానికి పనిచేస్తున్నారు. పదకొండోవాడు 105 ఇస్తే గానీ రానంటున్నాడు. వాడికి 105 ఇస్తే మిగతా పదిమందికీ 5 చొప్పున పెంచక తప్పదు. అంటే పదకొండోవాడి అసలు ఖరీదు 105 కాదు, 155. వాడి పని విలువ 130 అనుకోండి, యజమాని తీసుకోడు. ఆ కుర్చీ ఖాళీగా ఉండిపోతుంది. ఇప్పుడు చట్టమే కనీసాన్ని 105 చేసింది. పాతవాళ్లకు ఎలాగూ 105 ఇవ్వాల్సిందే కాబట్టి, పదకొండోవాడి అదనపు ఖరీదు 105 మాత్రమే. 130 విలువ చేసే మనిషిని తీసుకుంటాడు. ఇక్కడ వేతనం పెరగడం వల్లే పని పుట్టింది.

1992 ఏప్రిల్‌లో అమెరికా రాష్ట్రం న్యూజెర్సీ కనీస గంట వేతనాన్ని 4.25 డాలర్ల నుంచి 5.05కి పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ రెండుచోట్లా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలకు పెంపు ముందు, తర్వాత ఫోన్ చేసి లెక్క తీశారు. న్యూజెర్సీలో పనులు తగ్గిన జాడ లేదు.

జమాఖర్చు
ఫోన్ చేసి "మీ దగ్గర ఎంతమంది?" అని అడిగితే నోటికొచ్చిన సంఖ్య చెప్పేవాళ్లు ఉంటారు. న్యూమార్క్, వాషర్ అనే ఆర్థికవేత్తలు జీతాల రికార్డులతో అదే లెక్క మళ్లీ వేస్తే తగ్గుదల కనిపించింది. (తర్వాత 2000లో కార్డ్, క్రూగర్ ప్రభుత్వ రికార్డులతో జవాబిచ్చారు, తగ్గలేదన్నారు. అది దాచను.)

నా అసలు అభ్యంతరం వేరు. మనుషుల్ని లెక్కపెట్టి ఊరుకుంటే కోత కనబడదు. యజమాని మనిషిని తీసెయ్యడు, గంటలు తగ్గిస్తాడు. వారానికి 40 గంటలు, గంటకు 100 అంటే 4,000. వేతనం 120 అయ్యింది, గంటలు 32కి దిగాయి. చేతికొచ్చేది 3,840. ఉద్యోగం ఉంది, రేటు పెరిగింది, జేబు చిక్కింది. 33 గంటల 20 నిమిషాల కంటే కిందికి దిగితే పెంపు వల్ల ఒరిగేది లేదు.

అమెరికా నగరం సియాటిల్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో చూపించింది ఇదే: కనీస వేతనం 13 డాలర్ల దశకు చేరాక తక్కువ జీతాల పనుల్లో గంటలు సుమారు 9 శాతం తగ్గాయి, గంట రేటు మాత్రం 3 శాతమే పెరిగింది.

గణకుడు
సియాటిల్ అధ్యయనం బలం గంటల రికార్డు. చాలాచోట్ల ప్రభుత్వాల దగ్గర జీతం లెక్కే ఉంటుంది, గంటల లెక్క ఉండదు. లోపమూ చెప్పాలి. ఒకటికంటే ఎక్కువ శాఖలున్న సంస్థలు చాలావరకు ఆ లెక్కలోంచి జారిపోయాయి. పైగా అప్పట్లో నగరంలో గిరాకీ జోరుగా ఉంది. 12 డాలర్ల పని 20 డాలర్ల పనిగా మారినా "తక్కువ జీతం గంటలు తగ్గాయి" అనే నమోదవుతుంది. అదే బృందం తర్వాత మనుషుల వారీగా చూస్తే, అప్పటికే పనిలో ఉన్న అనుభవజ్ఞులకు లాభమే వచ్చింది. కొత్తగా చేరేవాళ్ల రాక తగ్గింది. నాకు గుచ్చుకునేది ఈ రెండో సంగతే. పని దొరకనివాడు ఏ హాజరు పట్టీలోనూ ఉండడు.

మీ ఇద్దరి ఉదాహరణలూ ఎందుకు ఢీకొంటున్నాయంటే, "20 శాతం పెంపు" అనే సంఖ్యకు విడిగా అర్థం లేదు. పనివాళ్లందర్నీ జీతాల వరుసలో నిలబెట్టి నడుమ ఉన్న మనిషి జీతం తీసుకోండి, మధ్యస్థ వేతనం అంటే అదే. కొత్త కనీస వేతనం అందులో ఎంత శాతం అన్నదే కొలత. సగటు జీతం తీసుకుంటే మోసపోతాం, పైనున్న నలుగురి వల్ల సగటు ఉబ్బుతుంది. బ్రిటన్ 1999లో 3.60 పౌండ్లతో మొదలుపెట్టి, ప్రత్యేక కమిషన్ సలహాతో మెట్టుమెట్టుగా ఎక్కింది. 2024కి మధ్యస్థ వేతనంలో మూడింట రెండు వంతులకు తెచ్చింది. భయపెట్టినంత ఏమీ జరగలేదు. సమోవాలో మాత్రం కనీస వేతనం పెరిగి పెరిగి మామూలు కార్మికుడి జీతానికే ఆనుకుంది. అలాంటిచోట అది కనీసం కాదు, అందరి జీతం.

భారం ఎవరిదన్న ప్రశ్నకు హంగరీ మంచి పాఠం. నెలకు 25,500 ఫోరింట్లు ఉన్నదాన్ని 2001లో 40,000కు, మరుసటి ఏడు 50,000కు పెంచారు. ఆర్థికవేత్తలు హరాస్తోషి, లిండ్నర్ లెక్క ప్రకారం ఆ ఖర్చులో దాదాపు 75 శాతం ధరల రూపంలో కొనేవాళ్లు భరించారు, మిగతాది యజమానుల లాభంలోంచి పోయింది. పనుల నష్టం మొత్తంగా చిన్నదే, కానీ ధర పెంచుకోలేని రంగాల్లో ఎక్కువ. జమాఖర్చు గారి ఎగుమతి వాదన అక్కడ నిలబడింది.

రిజిస్టరు
ఇంతసేపూ చట్టంలో రాసినది చేతికి అందుతుందన్న నమ్మకం మీదే మాట్లాడుతున్నారు. దాన్ని ఎగ్గొట్టే దారులు చూడండి.

పీస్ రేటు పని, అంటే చేసినన్ని వస్తువులకు లెక్కకట్టి ఇచ్చేది: రోజుకు 50 వస్తువులు, జీతం 500, అంటే వస్తువుకు 10. కనీస వేతనం 600 అయ్యింది. మర్నాడే టార్గెట్ 60. వస్తువుకు మళ్లీ పదే. కాగితం మీద చట్టం నూటికి నూరుపాళ్లు అమలైంది! వేతనంతోపాటు "మామూలు వేగంతో పనిచేసే మనిషి గంటలో ఎన్ని చెయ్యగలడు" అన్న కొలతను కూడా తనిఖీ అధికారి చూడకపోతే ఆ పెంపు ఉత్తదే.

నిమిషాల దొంగతనం ఇంకొకటి. షిఫ్టు అయ్యాక శుభ్రం చేసి, లెక్క అప్పజెప్పి వెళ్లమంటారు. రోజుకు 20 నిమిషాలు, నెలకు 26 రోజులు: 520 నిమిషాలు. ఎనిమిది గంటల నలభై నిమిషాలు. నెలకో రోజుకు పైగా ఉచిత సేవ అన్నమాట. యూనిఫాం, పనిముట్లు, రవాణా పేర కోతలు సరేసరి. రేటు పెంచినప్పుడల్లా ఈ కోతలూ పెరుగుతాయి, ఎందుకంటే ఎగ్గొడితే మిగిలేది కూడా పెరుగుతుంది కదా. జీతం చీటీలో గంటలు, రేటు, ప్రతి కోత విడివిడిగా రాయాలన్న నిబంధన లేకుండా పెంపు ప్రకటించడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

నిచ్చెన
రిజిస్టరు గారితో పూర్తిగా ఏకీభవిస్తా. ఇంకొకటి: నిన్నటిదాకా 115 తీసుకున్న సీనియర్, కొత్తవాడికి 110 వస్తుంటే ఊరుకోడు. వాడికీ కొంత పెంచాలి. జమాఖర్చు గారి 3 శాతం లెక్కలో ఇది లేదు. నా వాదనకు ఇది నష్టమే, అయినా చెబుతున్నా.

జమాఖర్చు
ఒప్పుకున్నందుకు సంతోషం. నేనూ ఒకటి ఒప్పుకుంటా. ఏళ్ల తరబడి కదపకుండా ఉంచి ఒకేసారి ఎగదోయడమే యజమానికి పెద్ద దెబ్బ. అమెరికా ఫెడరల్ (దేశమంతటికీ వర్తించే) కనీస వేతనం 2009 జూలై నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. ధరలు మాత్రం ఆగలేదు. ఏటా ఫలానా నెలలో, ఫలానా సూచీ ప్రకారం మారుతుందని ముందే తెలిస్తే ధరల పట్టీ, కాంట్రాక్టులు దానికి తగ్గట్టు రాసుకోవచ్చు.

గణకుడు
సూచీ అన్నారు సరే, ఏ సూచీ? వినియోగ ధరలకు కడితే కొనుగోలు శక్తి నిలుస్తుంది, కానీ మిగతావాళ్ల జీతాలు ధరలకంటే వేగంగా పెరిగితే అడుగునున్నవాడు వెనకబడతాడు. మధ్యస్థ వేతనానికి కడితే మాంద్యంలో అది పడిపోవచ్చు, అప్పుడు కనీసాన్నీ దించుతామా? దించకూడదన్న షరతు పెడితే ఆ ఏడాది కనీసానికీ మధ్యస్థానికీ ఉన్న నిష్పత్తి దానంతటదే ఎక్కుతుంది, సరిగ్గా గిరాకీ లేని సమయంలో. మీరు దేనికి కడతారు?

జమాఖర్చు
వేతనానికే. కాకపోతే ఒక్క ఏడాది అంకె కాదు, మూడేళ్ల సగటు.

రిజిస్టరు
ఆ మూడేళ్ల సగటుకి కావలసిన జీతాల వివరాలు ఇచ్చేది యజమానులే. ఆ రిజిస్టరులో గంటలు సరిగ్గా రాశారో లేదో ఎవరు చూస్తారు?