డీఎస్సీ తెలుగు కోర్సు: పాత యాప్ నుంచి మూడుల్‌లోకి మార్చడం ఎట్లా?

కర్నూలు_తెలుగు_టీచర్

నమస్కారమండీ. కర్నూలు సి.క్యాంపు దగ్గర ఇంట్లో నుంచే టెట్, డీఎస్సీ పిల్లలకు తెలుగు చెప్తాను. కొన్నేళ్లుగా ఒక రెడీమేడ్ యాప్‌లో కోర్సు నడుస్తోంది. ఈసారి రెన్యువల్‌కు వాళ్లడిగిన డబ్బు వింటే కళ్లు తిరిగాయి. మా అక్క కొడుకు సర్వర్ తీసుకుని మూడుల్ (ఆన్‌లైన్ కోర్సులు నడుపుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) వేసిపెట్టాడు. వేసి బెంగళూరు వెళ్లిపోయాడు.

వీడియోలు, నోట్సు పీడీఎఫ్‌లు, వెయ్యికి పైగా బిట్లు, పైగా సగంలో ఉన్న బ్యాచ్. యాప్ వాళ్లను అడిగితే బిట్లు మాత్రం ఎక్సెల్‌లో ఇచ్చారు, వీడియోలు డౌన్‌లోడ్ కావన్నారు. ఆ ఎక్సెల్ మూడుల్‌లో వేస్తే ఒక్క బిట్టూ ఎక్కలేదు. నోట్సులోంచి కాపీ చేస్తే తెలుగు పోయి ఏవో ఇంగ్లీషు పిచ్చి గుర్తులు వస్తున్నాయి. టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

కడప_ల్యాబ్

మేడమ్, కడపలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మూడుల్ చూసుకునేది నేనే. పాతది కూడా మూడులే అయ్యుంటే అక్కడ బ్యాకప్ తీసి ఇక్కడ రిస్టోర్ కొడితే పనైపోయేది. కాదు కాబట్టి కోర్సంతా ఒకే మూటగా రాదు, ఆ ఆశ వదులుకోండి. కామన్ కార్ట్రిడ్జ్, స్కార్మ్ అని కంటెంటును ఒకచోట నుంచి ఇంకోచోటికి మోసే పద్ధతులున్నాయి. కానీ ఆ ఎక్స్‌పోర్ట్ బటన్ పాత యాప్‌లో ఉండాలి కదా. కస్టమర్ వెళ్లిపోవడానికి తలుపు వాళ్లే ఎందుకు తీసిపెడతారు?

గడువు ముగిసేలోపు పిల్లల వివరాలు, మార్కులు దించుకోండి. ఎవరు ఏ వీడియో ఎంతవరకు చూశారన్నది కొత్తదాంట్లోకి రాదు. నన్నడిగితే నడుస్తున్న బ్యాచ్‌ను కదిలించొద్దు. ఒకటి రెండు నెలలకు కట్టే వీలుంటే కట్టి అక్కడే ముగించండి. పరీక్ష ముందర కొత్త పాస్‌వర్డ్‌లు ఇచ్చారంటే మీకు ఫోన్లెత్తడమే సరిపోతుంది.

ఇక బిట్లు. మూడుల్ ప్రశ్నలను ఎక్సెల్ రూపంలో తీసుకోదు. మామూలు టెక్స్ట్ ఫైలు కావాలి. అన్నిటికన్నా తేలికైనది ఐకెన్ ఫార్మాట్: ప్రశ్న ఒక లైను, ఒక్కో ఆప్షన్ ఒక్కో లైను, చివరి లైనులో ఆన్సర్ అని ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాసి, కోలన్ పెట్టి, జవాబు అక్షరం. మీలాంటి తెలుగు టీచర్లందరూ ఆప్షన్లకు అ, ఆ, ఇ, ఈ పెడతారు. అది ఐకెన్‌కు పట్టదు, ఇంగ్లీషు ఏ, బీ, సీ, డీలే ఉండాలి. ఎక్సెల్ నుంచి వర్డ్‌లోకి మెయిల్ మెర్జ్ (ఎక్సెల్‌లోని ఒక్కో వరుసనూ మనం పెట్టిన నమూనాలోకి వర్డే నింపే పద్ధతి) చేస్తే చేత్తో రాసే పని తప్పుతుంది. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైల్లో దాచే పద్ధతి) యూటీఎఫ్-8 అని ఉందో లేదో చూడండి. అక్కడ ఆన్సీ ఉంటే తెలుగంతా ప్రశ్నార్థకాలే మిగులుతాయి.

వివరణలు కూడా కావాలంటే గిఫ్ట్ ఫార్మాట్. అందులో మీ సబ్జెక్టుకే ఒక చిక్కు ఉంది. సరైన జవాబుకు గుర్తు సమానం గుర్తే. మీరు ‘రామ + ఆలయం = రామాలయం’ అని రాస్తే అది అక్కడ కొత్త జవాబు మొదలైందనుకుంటుంది. ప్రశ్నలోగానీ వివరణలోగానీ సమానం గుర్తు వచ్చినచోటల్లా దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి. సంధులు, సమాసాలు చెప్పేవాళ్లకు ఇది పెద్ద తలనొప్పి! వివరణ అక్కర్లేకపోతే ఐకెన్‌తోనే పోండి. ముందు పది బిట్లు వేసి చూసి, తర్వాత మిగతావి.

వీడియోలు సర్వర్‌లోకి ఎక్కించొద్దు, స్థలమూ చాలదు, అప్‌లోడ్ పరిమితీ అడ్డొస్తుంది. ఒరిజినల్స్ మీ హార్డ్‌డిస్క్‌లో ఉంటే యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెట్టి లింకు ఇవ్వండి. లింకు దొరికిన ఎవరైనా చూడగలరు, అది తెలిసే పెట్టండి.

టవర్‌క్లాక్_డీటీపీ

అక్కా, అనంతపురంలో డీటీపీ పని నాది. మీ నోట్సు ‘అను’ అనే తెలుగు ఫాంట్లలో కొట్టించి ఉంటారు. అను యూనికోడ్ (ఏ కంప్యూటరైనా, ఫోనైనా తెలుగును తెలుగుగా గుర్తించే కోడు) కాదు. లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాల కోడే, ఫాంటు దాన్ని తెలుగులా చూపిస్తుంది. అందుకే పీడీఎఫ్ చూడ్డానికి బాగుంటుంది, కాపీ చేస్తే గోల. పీడీఎఫ్‌ను అట్లే ఎక్కించినా పిల్లలు చదువుకుంటారు, వెతకడానికి మాత్రం పనికిరాదు. మార్చాలంటే కొట్టిన షాపులో పేజ్‌మేకర్ ఫైలు అడగండి, దాన్ని అను–యూనికోడ్ కన్వర్టర్‌లో వేయండి. ఫైలు లేదంటే పీడీఎఫ్‌ను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరవండి, తెలుగు బాగానే చదువుతుంది. ఎట్లా చేసినా వత్తులు, అరసున్నలు, బండి ఱలు ఒకసారి దిద్దాల్సిందే. వ్యాకరణం పుస్తకంలో అచ్చుతప్పంటే పిల్లలు ఊరుకుంటారా?

కర్నూలు_తెలుగు_టీచర్

ఇద్దరికీ చాలా థ్యాంక్సండీ. షాపు తమ్ముడికి ఫోన్ చేశాను, ఫైళ్లు ఉన్నాయట. ఐకెన్‌లో పది బిట్లు ఎక్కాయి! ఇంకొక్కటి. ఛందస్సులో పద్యపాదం మీద గురులఘువులు వేస్తాం కదా, మూడుల్‌లో అవన్నీ ఎడమకు జరిగిపోయి ఒక అక్షరం గురువు ఇంకో అక్షరం మీద కూర్చుంటోంది.

కడప_ల్యాబ్

వెబ్ పేజీ వరుస ఖాళీలన్నిటినీ ఒక్క ఖాళీగా కుదిస్తుంది మేడమ్, అందుకే జరుగుతున్నాయి. ఎడిటర్‌లో టేబుల్ పెట్టండి. పై వరుసలో గురులఘువులు, కింది వరుసలో ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. ఉత్పలమాల పాదానికి ఇరవై గడులవుతాయి, ఫోన్‌లో పట్టదు. యతి స్థానం దగ్గర రెండుగా విరిచి రెండు టేబుళ్లు చేయండి.