88 శాతమా, 75 శాతమా? సొంత ట్రక్కు లీజుకి పెట్టేముందు లెక్క చూసి చెప్పండి

డాలస్_డ్రైవర్:
అందరికీ నమస్తే. డాలస్ దగ్గర ఉంటాను. నాలుగేళ్లు కంపెనీ డ్రైవర్‌గా చేశాక పోయిన నెల సెకండ్ హ్యాండ్ ఫ్రైట్‌లైనర్ కాస్కేడియా ఒకటి కొన్నాను, నెలకు కిస్తీ 2,100 డాలర్లు. సొంత అథారిటీ (సొంతంగా సరుకు రవాణా చేసే ప్రభుత్వ అనుమతి) తీసుకుందామంటే కొత్తవాళ్లకి చెప్పే ఇన్సూరెన్స్ రేటు విని ఆగిపోయాను, అందుకే ఏదైనా క్యారియర్ (రవాణా కంపెనీ) కింద లీజుకి పెట్టి నేనే నడుపుదామని చూస్తున్నా. రెండు ఆఫర్లు వచ్చాయి.

మొదటి వాళ్లు గ్రాస్‌లో (లోడుకి వచ్చే మొత్తం కిరాయిలో) 88 శాతం ఇస్తామంటున్నారు. అందులోంచి వారం వారం ఇన్సూరెన్స్ 325, ట్రైలర్ అద్దె 275, నంబర్ ప్లేటు 45, ఈఎల్‌డీ (నడిపిన గంటలు నమోదు చేసే మెషీన్) 15 పట్టుకుంటారు. ఫ్యాక్టరింగ్ (బిల్లు డబ్బు ముందే ఇప్పించినందుకు ఫీజు) కింద గ్రాస్ మీద ఇంకో 3 శాతం. ఎస్క్రో (డిపాజిట్) వారానికి 100 చొప్పున 2,500 అయ్యేదాకా.

రెండో వాళ్లు ఇచ్చేది 75 శాతమే. కానీ ట్రైలర్ వాళ్లదే, లయబిలిటీ (ఎదుటివాళ్ల నష్టానికి), కార్గో (సరుకుకి) ఇన్సూరెన్స్ వాళ్లే కట్టుకుంటారు, ఫ్యూయల్ సర్‌చార్జి (డీజిల్ ఖర్చు కోసం కిరాయిలో కలిపి ఇచ్చే మొత్తం) అంతా నాకే. ప్లేటుకి 40, బాబ్‌టెయిల్ (ట్రైలర్ లేకుండా నడిపేటప్పటి) ఇన్సూరెన్స్‌కి 15 మాత్రం కట్ చేస్తారు.

ఖాళీ మైళ్లతో కలిపి వారానికి 2,500 మైళ్లు, 6,000 గ్రాస్ వస్తుందనుకుంటున్నా. ఇంట్లో అందరూ 88కే వెళ్లమంటున్నారు, 13 శాతం తేడా అంటే మాటలా అని. నాకూ మనసు అటే లాగుతోంది, కానీ ఆ కటింగ్‌లు చూస్తే టెన్షన్‌గా ఉంది. ఎలా పోల్చాలో చెప్పండి.

ఒహాయో_అక్క:
తమ్ముడూ, మా ఆయన ట్రక్కు సెటిల్‌మెంట్లు (క్యారియర్ కటింగ్‌లు పోను ఇచ్చే లెక్క కాగితాలు) ఆరేళ్లుగా నేనే చూస్తున్నా. శాతం పక్కన పెట్టు, శుక్రవారం చేతికి ఎంత వస్తుందో అది చూడు. డీజిల్, కిస్తీ, టైర్లు రెండు చోట్లా నీవే కాబట్టి వాటిని పోలికలోకి తేవద్దు. ఎస్క్రో తిరిగి రావాల్సిన నీ డబ్బు, దాన్నీ ఖర్చు కింద రాయకు.

మొదటిది: 6,000లో 88 శాతం 5,280. ఫ్యాక్టరింగ్ 180 పోతే 5,100. వారపు కటింగ్‌లు కలిపితే 660. మిగిలేది 4,440.

రెండోది: 6,000లో ఫ్యూయల్ సర్‌చార్జి 900 ఉందనుకుందాం. మిగతా 5,100లో 75 శాతం 3,825, దానికి 900 కలిపితే 4,725, అందులో 55 తీసేస్తే 4,670.

అంటే 75 శాతం ఇచ్చేవాళ్ల దగ్గరే వారానికి 230 ఎక్కువ. సర్‌చార్జి కూడా ఇదే నిష్పత్తిలో పెరుగుతుందనుకుంటే, 88 శాతం ఆఫర్ గెలవాలంటే వారానికి సుమారు 9,700 గ్రాస్ చేయాలి, ఒక్కడివే నడిపితే డ్రై వ్యాన్‌లో (మామూలు మూసిన ట్రైలర్‌లో) ప్రతి వారం అంత రావడం చాలా కష్టం.

రీఫర్_అన్న:
అక్క లెక్కలో తప్పు లేదు, కానీ ఆ 900 అసలు ఉంటుందా అన్నది ముందు తేల్చుకో. ఫ్యూయల్ సర్‌చార్జి విడిగా చూపించేది ఎక్కువగా షిప్పర్‌తో (సరుకు పంపేవాళ్లతో) నేరుగా కాంట్రాక్టు ఉన్న లోడ్లకే. లోడ్ బోర్డులో (లోడ్లు పెట్టే వెబ్‌సైట్‌లో) బ్రోకర్ (మధ్యవర్తి) దగ్గర పట్టే లోడుకి మామూలుగా అన్నీ కలిపి ఒకటే రేటు, అందులో సర్‌చార్జి ఎంత అని విడగొట్టరు. అప్పుడు రెండో ఆఫర్ 6,000లో నేరుగా 75 శాతం, 4,500, కటింగ్ పోతే 4,445. మొదటి దానికీ దీనికీ 5 డాలర్లే తేడా! గ్రాస్ 6,050 దాటిన వారం నుంచి 88 శాతమే మెరుగు.

కాబట్టి రెండో వాళ్లకి ఫోన్ చేసి, లోడ్లలో షిప్పర్‌వి ఎన్ని, బ్రోకర్‌వి ఎన్ని అని అడుగు. నోటి మాట కాదు, వాళ్ల దగ్గర లీజులో ఉన్న ఇంకో డ్రైవర్‌ని పట్టుకుని నాలుగు వారాల సెటిల్‌మెంట్ చూపించమను. పేరు చెరిపేసి ఇవ్వమన్నా పర్లేదు. ఇంకోటి, శాతం మీద నడిచే లీజులో ఖాళీ మైళ్లకి విడిగా ఏమీ రాకపోవడమే మామూలు. 300 మైళ్లు ఖాళీగా పోయి మంచి రేటు లోడు ఎత్తడం, పక్కనే తక్కువ రేటు లోడు ఎత్తడం, రెండిట్లో ఏది లాభమో మొత్తం మైళ్ల మీద భాగించి చూస్తే కానీ తెలియదు. ఇష్టం లేని లోడు వద్దనే హక్కు నీకుందా లేదా అన్నది నా దృష్టిలో రెండు మూడు శాతం కన్నా పెద్ద విషయం.

న్యూజెర్సీ_లారీ:
బ్రదర్, 88 శాతం దేంట్లో? ఇది ఎవరూ అడగలేదు. కొంతమందికి క్యారియర్‌తో పాటు సొంత బ్రోకరేజీ కూడా ఉంటుంది. షిప్పర్ 3,000 ఇస్తే బ్రోకరేజీ 500 ఉంచుకుని క్యారియర్‌కి 2,500 రాస్తుంది, నీకు 88 శాతం ఆ 2,500లో. నీ దగ్గరికొచ్చే కాగితంలో అంతా సక్రమంగానే కనిపిస్తుంది. గ్రాస్ అంటే ఏమిటో లీజులో రాయించుకో.

ఈ లీజులకి ఫెడరల్ రూల్స్ ఉన్నాయి, 49 సీఎఫ్ఆర్ 376వ భాగం. 376.12 ఒక్కటీ ఓపిగ్గా చదువు. శాతం మీద డబ్బిచ్చేటట్టయితే సెటిల్‌మెంట్ నాటికి రేటు వేసిన ఫ్రైట్ బిల్లు కాపీ, లేదా అవే వివరాలున్న కంప్యూటర్ ప్రింటు నీకు ఇవ్వాలి. షిప్పర్ పేరు కొట్టేయొచ్చు కానీ రేటు దాచకూడదు. కాగితాలు ఇచ్చిన 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. కటింగ్ ప్రతిదీ ఎలా లెక్కేస్తారో లీజులో ఉండాలి. ఇన్సూరెన్స్ వాళ్ల ద్వారా కొంటే పాలసీ కాపీ అడగొచ్చు, ఆ 325 దేనికో అప్పుడు తెలుస్తుంది. ఎస్క్రో మీద వడ్డీ ఇవ్వాలి, లీజు ముగిసిన 45 రోజుల్లోగా మిగిలింది వెనక్కివ్వాలి.

నాకు తగిలిన దెబ్బ చెప్తా. నా మొదటి క్యారియర్‌ని వదిలేటప్పుడు ఎస్క్రోలో 2,000 ఉంది. ట్రైలర్ రిపేరు అని, ప్లేటు మిగిలిన నెలల బాకీ అని మొత్తం తినేశారు, బిల్లులు చూపించమంటే వారాల తరబడి ఫోన్ ఎత్తలేదు. ట్రైలర్ తీసుకున్న రోజు, అప్పజెప్పిన రోజు నేను ఒక్క ఫోటో తీసుకోలేదు. నువ్వు టైర్లతో సహా అన్ని వైపులా తీసి పెట్టుకో. ప్లేటు వాళ్ల పేరు మీద ఉంటే మధ్యలో మానేసినప్పుడు అది వాళ్లకే పోతుంది, వీలైతే నీ పేరు మీదే తీసుకో.

డాలస్_డ్రైవర్:
అందరికీ చాలా థ్యాంక్స్. ఇవాళ ఇద్దరికీ ఫోన్ చేశా. రెండో వాళ్లు సగానికి పైగా షిప్పర్ లోడ్లే అన్నారు, లీజు కాపీ మెయిల్ చేశారు, ఒక డ్రైవర్ సెటిల్‌మెంట్లు కూడా రేపు పంపిస్తామన్నారు. మొదటి వాళ్లు లీజు ఓరియంటేషన్‌కి ట్రక్కు తీసుకుని వచ్చాకే చూపిస్తామంటున్నారు.

ఒహాయో_అక్క:
అలాగైతే వెళ్లకు తమ్ముడూ. ట్రక్కు వాళ్ల యార్డులో పెట్టాక కాగితం నచ్చలేదని తిరిగి రావడం చాలా కష్టం, ఖర్చులు మీద పడి ఉంటాయి, ఎక్కడో ఒకచోట సంతకం పెట్టేస్తావు. రెండో వాళ్ల లీజులో కూడా ట్రక్కు ఆగి ఉన్న వారాలకి కటింగ్ ఉందో లేదో చూడు. మేం సంక్రాంతికి ఊరెళ్లి నాలుగు వారాలు ఉన్నాం, వచ్చేసరికి సెటిల్‌మెంట్ మైనస్‌లో ఉంది. మొదటి వాళ్ల లెక్కన అదే నీకైతే 2,640 అవుతుంది.