ఓట్స్, గింజల క్రాకర్స్ నడిమి భాగం కూడా కరకరలాడాలంటే?

నమస్తే అండీ. మాది ఒడిశాలో కోరాపుట్ జిల్లా, జయపురం. నాన్నగారికి షుగర్. టీతో మైదా బిస్కెట్లు మాన్పించాలని ఓట్స్, గింజలతో క్రాకర్స్ చేస్తున్నాను. కప్పు ఓట్స్‌లో అవిసెలు, నువ్వులు, గుమ్మడి గింజలు, ఉప్పు కలిపి, నీళ్లు పోసి అరగంట నాననిస్తాను. అవిసెల జిగురుకే ముద్ద కడుతుంది, గుడ్డు అక్కర్లేదు. రెండు బటర్ పేపర్ల మధ్య పల్చగా ఒత్తి, పైది తీసేసి, ఓవెన్‌లో 160 డిగ్రీల దగ్గర పెడతాను. అంచులు ఎర్రబడతాయి గానీ నడుమ విరగదు, తోలులా సాగుతుంది. వేడి తగ్గించి ఎక్కువసేపు ఉంచాలా, సగంలో తిరగేయాలా?

ముసురు పట్టిందంటే డబ్బాలో పెట్టినా మర్నాటికి మెత్తబడుతున్నాయి. మళ్లీ ఓవెన్‌లో పెడితే సరిపోతుందా? మా వైపు వలిసెలు (సన్నటి నల్ల నూనెగింజలు) బాగా పండుతాయి. నువ్వుల బదులు అవి వేస్తే చేదొస్తుందా? చేసి చూసినవాళ్లు కాస్త చెప్పండి.